ప్రోగ్రాములో ఏది ఎక్కడ ఉండవలెను? సహాయక ప్రమేయముల, అమరికల చరిత్ర

హైదరాబాదు నుండి ముంబయి రహదారి వెంట వాయవ్య దిశగా పోవువారికి రామచంద్రాపురము, పటాన్‌చెరు, కంది, సంగారెడ్డి వరుసగా ఎదురగును. దారికి ఇరువైపుల బొల్లారము, పాశమైలారము, జిన్నారము మొదలగు చోట్ల ఔషధములు, రసాయనములు, యంత్రపు భాగములు తయారుచేయు కర్మాగారములు అనేకము వెలసినవి. ఈ నేల ఎన్నడును కదలలేదు. కాని దాని చిరునామా మాత్రము ఇరువది ఏండ్లలో పలుమార్లు మారినది.

2007 ఏప్రిల్ 16న మహా హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడినపుడు పటాన్‌చెరు, రామచంద్రాపురము పురపాలక సంఘములు అందులో విలీనమైనవి. అయినను రెవెన్యూ వ్యవహారములలో అవి మెదక్ జిల్లాలోనే యుండెను. 2014 జూన్ 2న రాష్ట్రమే మారినది. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా మూడుగా విడివడినది. అంతవరకు మెదక్ జిల్లాకు ముఖ్యపట్టణమైన సంగారెడ్డి, ఆనాటి నుండి తన పేరుగల జిల్లాకే ముఖ్యపట్టణమైనది. 2017 జులై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. వాహనముల సంఖ్యలకు ముందుండు అక్షరములు 2014లో ఏ.పి. నుండి టి.ఎస్. గను, 2024 మార్చిలో టి.ఎస్. నుండి టి.జి. గను మారినవి. 2025 సెప్టెంబరు 22న పన్ను రేట్లు మరల సవరింపబడినవి.

ఒక కర్మాగారము తన గేటును అంగుళమైనను జరుపకుండనే తన బిల్లు మీద ఇన్ని మార్పులు చేసికొనవలసి వచ్చినది. పూర్వము కాగితములతో పని జరుగు కాలమున దీనికి పెద్ద కష్టము లేదు. క్రొత్త రబ్బరు ముద్ర చేయించి, పాతదానిని ప్రక్కన పెట్టినచో చాలును. గుమాస్తాకు తెలిసిన లెక్క అట్లే యుండును. ముద్ర మాత్రమే మారును. ఇపుడు బిల్లులు, రవాణా చీటీలు, ధ్రువపత్రములు వెబ్ అప్లికేషనులలో తయారగుచున్నవి. వెబ్ అప్లికేషను అనగా ఒకచోట నున్న కంప్యూటరులో నడచుచు, దూరమున నున్నవారు బ్రౌజరు ద్వారా వాడుకొను ప్రోగ్రాము. అట్టి ప్రోగ్రాములో జిల్లా పేరు నూరు చోట్ల విడివిడిగా వ్రాసియున్నచో, మార్పవలసినది ఒక ముద్ర కాదు, నూరు ముద్రలు. వానిలో తొంబదితొమ్మిదింటిని మార్చి ఒకదానిని మరచిన ఎడల, ఆ ఒక్క తప్పు చీటీతో బయలుదేరిన లారీ దారిలో తనిఖీ వద్ద నిలిచిపోవచ్చును.

కావున ప్రోగ్రాములో ఏది ఎక్కడ నుండవలె నన్నది కేవలము చక్కదనమునకు సంబంధించిన ప్రశ్న కాదు. దీనికి 75 ఏండ్లకు మించిన చరిత్ర కలదు.

తూనికరాళ్లు, ధరల పలక, తాళపుచెవి

సంగారెడ్డి అంగడిలోని ఒక కిరాణా దుకాణమును ఊహించుకొనుడు. అక్కడ త్రాసు, తూనికరాళ్లు ఉండును. కందిపప్పు తూచినను, చక్కెర తూచినను రాయి అదియే. గోడమీద ధరల పలక యుండును. దానిమీది అంకెలను తుడిచి మరల వ్రాయుచుందురు. అందులకై త్రాసును విప్పి బిగింపరు. ఇక గల్లాపెట్టె తాళపుచెవి యజమాని మొలలో నుండును. దానిని ధరల పలకకు వ్రేలాడదీయువాడు ఉండడు.

ప్రోగ్రాములోని సహాయక ప్రమేయములు తూనికరాళ్ల వంటివి. ఒక చిన్న పనిని ఒకేవిధముగా చేసిపెట్టి, అడిగిన ప్రతి భాగమునకు ఉపయోగపడుట వాని ధర్మము. ఉదాహరణకు వస్తు సేవల పన్ను క్రింద ప్రతి వ్యాపారికి 15 అక్షరముల గుర్తింపు సంఖ్య ఇయ్యబడును. దానిలో మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును, తెలంగాణమునకు 36. చివరి అక్షరము తక్కిన 14 అక్షరముల నుండి ఒక సూత్రము ప్రకారము లెక్కించి రాబట్టిన సరిచూపు గుర్తు. ఈ సరిచూచు పని బిల్లు వ్రాయునపుడును, సరకు తిరిగి వచ్చినపుడును, రవాణా చీటీ తీయునపుడును కావలెను. పన్ను మొత్తమును సమీపపు రూపాయికి సవరించుటయు ఇట్టిదే: 50 పైసలు, అంతకు మించినవి రూపాయి యగును, అంతకు తక్కువైనవి వదలబడును. ఈ పనిని మూడుచోట్ల మూడుసార్లు వ్రాసినచో, ఒకనాడు ఒకచోట సరిదిద్దిన తప్పు తక్కిన రెండుచోట్ల మిగిలిపోవును. అపుడు ఒకే సరకునకు రెండు కాగితములపై రెండు మొత్తములు వచ్చును.

అమరిక, అనగా కాన్ఫిగరేషను, ధరల పలక వంటిది. అది పని చేయదు; పనికి కావలసిన విలువలను చెప్పును. రహస్య సంకేతములు తాళపుచెవి వంటివి. మూడింటికి మూడు స్థానములు కావలెనని దుకాణదారునకు ఎవరును నేర్పలేదు. కంప్యూటరు శాస్త్రమునకు మాత్రము ఇది తెలియుటకు అనేక సంవత్సరములు పట్టినది.

కాగితపు పట్టీల బీరువా

1949 మే 6న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఎడ్‌సాక్ అను కంప్యూటరు తొలిసారిగా లెక్క చేసినది. దాని నిర్మాణమునకు నాయకుడైన మారిస్ విల్క్స్‌కు కొలదికాలములోనే ఒక చేదు నిజము బోధపడెను. ప్రోగ్రాములు వ్రాయుట కంటె, వ్రాసినవానిలోని తప్పులు వెదకుటయే తన శేష జీవితములో చాలభాగమును హరించునని ఆయన గ్రహించెను. దీనికి విరుగుడుగా ఏర్పడినదే ఉపకార్యముల గ్రంథాలయము. భాగహారము, త్రికోణమితి, ముద్రణము వంటి పనులను ఒక్కసారి జాగ్రత్తగా వ్రాసి, పరీక్షించి, రంధ్రములు చేసిన కాగితపు పట్టీలపై భద్రపరచిరి. కావలసినవారు ఆ పట్టీని తమ ప్రోగ్రాములో చేర్చుకొనెడివారు. ఉపకార్యము ముగిసిన పిమ్మట, పిలిచిన చోటికే తిరిగి పోవు ఉపాయమును డేవిడ్ వీలర్ కనిపెట్టెను. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ఈ పద్ధతిపై ప్రచురించిన పుస్తకము ప్రోగ్రాము రచనపై వెలువడిన తొలి గ్రంథములలో ముఖ్యమైనది.

ఆ పుస్తకములో ఒక సూక్ష్మమైన భేదము చూపబడినది. ఉపకార్యమునకు ఇచ్చు విలువలు రెండు విధములు. పిలిచిన ప్రతిసారి మారునవి కొన్ని. పట్టీని యంత్రములోనికి ఎక్కించునపుడు ఒక్కసారి నిర్ణయింపబడి, ప్రోగ్రాము ముగియువరకు మారనివి మరికొన్ని. ఈ రెండవ తెగయే నేటి అమరికకు మూలపురుషుడని చెప్పవచ్చును. పనిచేయు విధానమును ముట్టకుండ, బయటి నుండి విలువను నిర్ణయించుట అక్కడనే మొదలైనది.

మన ప్రాంతమున ఈ విద్యకు పునాదులు హైదరాబాదులో పడినవి. 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1969లో టి.డి.సి.-12 అను 12 బిట్ల కంప్యూటరును తయారుచేసెను. ఆనాటి యంత్రములలో జ్ఞాపకస్థలము మిక్కిలి కొంచెము. ఒకే పనిని రెండుచోట్ల వ్రాయుటకు స్థలమే లేదు. సహాయక ప్రమేయమును ఒకచోట నుంచుట ఆ దినములలో పొదుపు. స్థలము చవుకయైన పిమ్మటనే అది క్రమశిక్షణ యగుట అవసరమైనది.

1972లో వచ్చిన క్రొత్త ఆలోచన

1972లో పటాన్‌చెరు వద్ద మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ స్థాపింపబడినది. ఆ యేడే ఆగస్టు 15న దేశములో పిన్‌కోడు అమలులోనికి వచ్చినది. ఆ యేడు డిసెంబరులోనే డేవిడ్ పార్నాస్ అను శాస్త్రజ్ఞుడు ప్రోగ్రామును భాగములుగా విభజించు పద్ధతిపై ఒక చిన్న వ్యాసము ప్రకటించెను.

అంతవరకు ప్రోగ్రామును పని జరుగు క్రమమున విభజించెడివారు: మొదట చదువుట, తరువాత పేర్చుట, చివర ముద్రించుట. పార్నాస్ ఒకే సమస్యను రెండు విధములుగా విభజించి చూపెను. మొదటి పద్ధతిలో సమాచారమును దాచు తీరును మార్చినచో దాదాపు అన్ని భాగములను మార్పవలసి వచ్చెను. రెండవ పద్ధతిలో, మారుటకు అవకాశమున్న ప్రతి నిర్ణయమును ఒక్కొక్క భాగములో దాచియుంచెను. అపుడు ఒక్క భాగమును మార్చినచో సరిపోయెను.

పటాన్‌చెరు విత్తన భాండారములో ఈ సూత్రమునకు సమానమైనది కనిపించును. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పంటల నమూనాలు అక్కడ లక్షకు పైగా భద్రపరచబడినవి. ప్రతి నమూనాకు ఒక మారని సంఖ్య యుండును. ఆ విత్తనము సేకరించిన ఊరు ఏ జిల్లాలోనికి మారినను, ఏ దేశము పేరు మార్చుకొన్నను సంఖ్య మారదు. మారునది వేరు, మారనిది వేరు అను వివేకమే అక్కడను ఆధారము.

రియాక్టరు, వంటకపు పట్టిక

ఈ ప్రాంతపు ఔషధ పరిశ్రమకు ఈ విభజన మరియొక దారిని పరిచయమైనది. ముడి ఔషధముల కర్మాగారములలో పని చాలవరకు బ్యాచ్‌లుగా సాగును. ఒకే రియాక్టరులో ఈ వారము ఒక మందు, వచ్చే వారము మరియొక మందు తయారు కావచ్చును. రియాక్టరునకు తెలిసినవి కొన్నియే: నింపుట, కలుపుట, వేడిచేయుట, చల్లార్చుట, ఖాళీచేయుట. ఎంత నింపవలెను, ఎన్ని డిగ్రీల వరకు వేడిచేయవలెను, ఎన్ని నిమిషములు కలుపవలెను అనునవి మందును బట్టి మారును.

బ్యాచ్ నియంత్రణకై 1995లో అమెరికాలో వెలువడిన ఐ.ఎస్.ఏ.-88 అను ప్రమాణము ఈ రెండింటిని వేరుచేసినది. యంత్రము చేయగల పనులు ఒకవైపు. వంటకపు పట్టిక మరొకవైపు. పట్టికలో కూడ అంతస్తులున్నవి. అందరికి వర్తించునది ఒకటి, ఒక ఊరి కర్మాగారమునకు వర్తించునది ఒకటి, అక్కడి ఫలానా యంత్రములకు వర్తించునది ఒకటి, ఈ ఒక్క బ్యాచ్‌కు వర్తించునది ఒకటి. క్రొత్త మందు వచ్చినపుడు యంత్రమును నడుపు ప్రోగ్రామును తిరుగవ్రాయ నక్కరలేదు. పట్టిక వ్రాసినచో చాలును. వేడిచేయు ప్రమేయములోపలనే ఉష్ణోగ్రతను వ్రాసియుంచినచో, ఒక మందునకు సరియైన వేడి మరియొక మందునకు అపాయకరము కావచ్చును.

వెబ్‌లో జరిగినది

భారతదేశములో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. వెబ్ పుటలు వ్రాయుటకు విరివిగా వాడబడిన పి.హెచ్.పి. భాషయు ఆ సంవత్సరమే బయటికి వచ్చినది. ఆ తొలి దినములలో ఒకే పుటలో అన్నియు నుండెడివి: తెరపై కనబడు అక్షరములు, లెక్కలు, పన్ను రేటు, సమాచార నిధి సంకేతపదము. పుటలు పెరిగినకొలది ఉమ్మడి పనులను ఒక ఫైలులో పోగుచేసిరి. అది క్రమముగా చిల్లర సామాను వేయు డబ్బా అయినది. పేరు చూచి లోపలేమున్నదో చెప్పలేని స్థితి యేర్పడెను.

2004లో వెలువడిన రూబీ ఆన్ రైల్స్ అను చట్రము ప్రతిదానికి ముందే ఒక అర ఏర్పరచినది: అమరికకు ఒకటి, తెరపై చూపుటకు తోడ్పడు సహాయకములకు ఒకటి, ఇతర గ్రంథాలయములకు ఒకటి. ఇందు గమనింపదగిన విశేష మున్నది. అక్కడ సహాయకము అను పేరు తెరపై చూపు పనికి మాత్రమే ఉద్దేశింపబడినది. తేదీని అందముగా చూపుట దానికి చెందును. పన్ను కట్టుట చెందదు. పన్ను లెక్క పన్నునకు సంబంధించిన భాగములోనే యుండవలెను. పోపులపెట్టె పొయ్యి ప్రక్కన నుండును. బియ్యపు బస్తా కొట్టుగదిలో నుండును. రెండును వంటకే అయినను రెండింటిని ఒకచోట పెట్టరు.

2011లో హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగిన్స్ ప్రభృతులు వెబ్ అప్లికేషనులకు పన్నెండు సూత్రములు ప్రకటించిరి. వానిలో ఒకటి అమరికను గూర్చినది. ప్రోగ్రాము తయారగుచోట, పరీక్షించుచోట, నిజముగా నడచుచోట ఏ విలువలు వేరగునో అవియే అమరిక. అవి ప్రోగ్రాములో నుండరాదు, అది నడచు పరిసరము నుండి అందవలెను. దీనికి వారొక పరీక్ష చెప్పిరి: ఈ క్షణమున ప్రోగ్రామునంతటిని లోకమునకు చూపినను ఒక్క రహస్యమైనను బయటపడకుండవలెను. ఈ పరీక్ష ఎంత అవసరమో 2016లో తేలినది. ఊబర్ సంస్థ ప్రోగ్రాముల భాండారములో వ్రాసియుంచిన సంకేతములను చేజిక్కించుకొనినవారు 5 కోట్ల 70 లక్షల మంది సమాచారమును తస్కరించిరి. తాళపుచెవి ధరల పలకకు వ్రేలాడినది.

తేదీ లేని అమరిక

ఇంతవరకు చెప్పినది విని, జిల్లా పేరు, పన్ను రేటు, వాహనపు అక్షరములు అన్నియు ఒక అమరిక ఫైలులో పెట్టినచో సమస్య తీరునని తోచవచ్చును. సంగారెడ్డి అనుభవము అట్లు చెప్పదు.

2025 సెప్టెంబరు 22 నుండి అనేక ఔషధములపై పన్ను 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. 21వ తేదీన అమ్మిన సరకు అక్టోబరులో తిరిగి వచ్చినచో, మినహాయింపు చీటీ 12 శాతము చొప్పుననే వ్రాయవలెను. అమరికలోని 12ను చెరిపి 5 వ్రాసినవానికి పాత లెక్క చేతికందదు. అట్లే 2024 మార్చికి ముందు సంగారెడ్డిలో నమోదైన బండ్లు టి.ఎస్. 15 తోనే తిరుగుచున్నవి, క్రొత్తవానికే టి.జి. 15. ఈ రెండక్షరములను ఒకేసారి అంతట మార్చివేసిన ప్రోగ్రాము నిన్నటి బండిని గుర్తింపలేదు. 2008లో ఎద్దుమైలారములోని తాత్కాలిక ఆవరణములో ప్రారంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. 2015లో కందికి తరలినది. దాని పాత కాగితములపై పాత చిరునామాయే సరియైనది.

కావున అమరిక అని మొత్తముగా పిలుచుదానిలో మూడు తెగలున్నవి. ప్రోగ్రాము నడచు యంత్రమును బట్టి మారునవి పరిసరము నుండి రావలెను. ప్రభుత్వపు ఉత్తరువును బట్టి మారునవి, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అను రెండు గడులు గల పట్టికగా సమాచార నిధిలో నుండవలెను. రహస్యములు వేరొక భద్రమైన చోట నుండవలెను. మొదటిదానిని యంత్రము చూచువారు మార్తురు. రెండవదానిని లెక్కల శాఖవారు మార్తురు. మూడవదానిని చూచు అధికారము కొందరికే యుండును. స్థానమును నిర్ణయించునది విలువ యొక్క పరిమాణము కాదు. దానిని ఎవరు, ఎపుడు, ఎవరి ఆజ్ఞపై మార్తురన్నదే.

మితిమీరినపుడు

మరియొక అంచునను ప్రమాద మున్నది. అన్నిటిని బయటపెట్టిన ప్రోగ్రాములో అమరికయే మరియొక ప్రోగ్రాము అగును. దానిని పరీక్షించువారు మాత్రము ఉండరు. దినమునకు 24 గంటలన్నది ఎవరి ఉత్తరువు చేతను మారదు. దానిని అమరికలో నుంచుట వృథా.

2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ కాపిటల్ అను షేర్ల వ్యాపార సంస్థకు జరిగినది ఈ రెండు విషయములకు సంబంధించిన పాఠము. ఆ సంస్థ ప్రోగ్రాములో ఏండ్లతరబడి వాడని ఒక పాత ప్రమేయము తీసివేయబడక పడియుండెను. దానిని మేల్కొలుపు పాత గుర్తునే క్రొత్త పనికి తిరిగి వాడిరి. ఎనిమిది యంత్రములలో ఏడింటికి క్రొత్త ప్రోగ్రాము చేరినది, ఒకదానికి చేరలేదు. ఆ ఎనిమిదవ యంత్రములో గుర్తు పాత ప్రమేయమునే లేపినది. సుమారు 45 నిమిషములలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చినది. పనికిరాని సహాయకమును తీసివేయుటయు, అమరికలోని ఒక పేరునకు ఒకే అర్థ ముండుటయు ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

ఔషధ పరిశ్రమలో ఈ జాగ్రత్త నియమముగా మారినది. అమెరికా ఔషధ నియంత్రణ శాఖ 1997లో అమలుపరచిన నియమముల ప్రకారము, కంప్యూటరులోని దాఖలాను ఎవరు ఎపుడు మార్చిరో తానుగా నమోదు కావలెను. క్రొత్త విలువ పాతదానిని కప్పివేయరాదు. ఆ దేశమునకు మందులు పంపు ఇచ్చటి కర్మాగారములకును ఇది వర్తించును. మన దేశములో కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరునకు ఇట్టి మార్పుల జాడ 2023 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరియైనది. గోడమీది ధరను తుడిచినవాని పేరు, తుడిచిన వేళ, తుడిచిన అంకె మూడును నిలిచియుండవలె నన్నమాట.

కేంబ్రిడ్జి కాగితపు పట్టీల నుండి నేటి వెబ్ అప్లికేషను వరకు యంత్రములు గుర్తింపరానంతగా మారినవి. అడుగవలసిన ప్రశ్న మాత్రము మారలేదు. ఒక క్రొత్త పంక్తి వ్రాయుటకు ముందు, ఇది మారునా, మారినచో ఎవరు మార్తురు, మార్చిన పిమ్మట పాతదానితో పని యుండునా అని మూడు మాటలు అడిగినచో దాని స్థానము తానే తెలియవచ్చును. రాష్ట్రము, జిల్లా, పన్ను, బండి అక్షరములు ఇన్నిసార్లు మారిన ఈ ప్రాంతమున, రేపటి మార్పు రాదని ఎవరును చెప్పజాలరు. అది వచ్చినపుడు ఒక పట్టికలో ఒక వరుస చేర్చినచో చాలునట్లు నేడే వ్రాసియుంచుట ప్రోగ్రాము రచయితల పని.